అజరయ్య తాత పేరు మనవడికి పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఖమ్మం. మాకు బాబు పుట్టి నలభై రోజులైంది, ఇంకా పేరు ఖాయం కాలేదు. మా అమ్మవాళ్లది డోర్నకల్ దగ్గర పల్లె, సీఎస్ఐ (ప్రొటెస్టెంట్) సంఘం. మా తాతయ్య పేరు అజరయ్య. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. పోయిన క్రిస్మస్‌కి ముందు ఎనభై తొమ్మిదేళ్ల వయసులో పోయారు. బాబుకి ఆయన పేరు పెట్టాలని నా కోరిక. అత్తగారివాళ్లు ఆర్సీఎం, అంటే కతోలికులు. వాళ్లింట్లో ఎవరికీ ఇది నచ్చలేదు. అత్తయ్య "అది కుష్ఠు పట్టిన రాజు పేరు, పసివాడికెందుకు" అంటున్నారు. అమెరికాలో ఉన్న బావగారు "ఇక్కడది ఆడపిల్లల పేరు, మావాడి క్లాసులో ఒకమ్మాయి ఉంది" అని ఫోన్లో నవ్వారు. మా ఆయన "ముసలి పేరులా ఉంది, అందరూ పెట్టుకునేదేదో పెట్టేద్దాం" అంటున్నారు. తెలిసినాయన ఒకరు స్పెల్లింగులో ఇంకో 'ఎ' కలిపితే పేరుకి బలం వస్తుందన్నారు. అసలీ పేరు ఎక్కడిది? అర్థమేంటి? పెట్టొచ్చా?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, పెట్టండి. అడిగినవాళ్లకి ఏం చెప్పాలో కింద రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. అజరయ్య అనగానే మనకి రామయ్య, సుబ్బయ్యల పక్కన కూర్చోబెట్టాలనిపిస్తుంది. నిజానికి చివర ఉన్న ఆ 'అయ్య' మన అయ్య కాదు. హీబ్రూలో ఆ పేరు అజర్యా. మన తెలుగు బైబిల్లో కూడా అలాగే ఉంటుంది. కుడి నుంచి ఎడమకి రాస్తే అయిన్, జాయిన్, రేష్, యోద్, హే అని ఐదక్షరాలు. మొదటి మూడూ కలిస్తే 'అజర్', అంటే సహాయం చేశాడు. చివరి రెండూ కలిస్తే 'యా', యెహోవా పేరుకి పొట్టి రూపం. ఆరాధనలో మనం 'హల్లెలూయా' అన్నప్పుడల్లా ఆఖర్న పలికేది ఈ 'యా'నే. యెషయా, యిర్మీయా, జెకర్యా, నెహెమ్యా, ఓబద్యా, వీటన్నిటి తోకా ఇదే. ఈ పేర్లు మన పల్లెలకొచ్చేసరికి యెషయా యెషయ్య అయ్యాడు, జెకర్యా జకరయ్య అయ్యాడు, అజర్యా అజరయ్య అయ్యాడు. ఎవరూ కూర్చుని మార్చింది కాదు. మన నోటికి అలవాటైన బాటలో నడుస్తూ నడుస్తూ పేరు మన ఊరిదైపోయింది.

అర్థంలో ఒకటి గమనించండి. 'సహాయం చెయ్యి ప్రభువా' అని మొరపెట్టే పేరు కాదిది. 'చేశాడు' అంటోంది, అయిపోయిన పని. ప్రార్థన కూడికలో ఎవరో ఒకామె కొంగు సర్దుకుని లేచి నిలబడి దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతుంది చూడండి, ఆ సాక్ష్యాన్ని ఒక్క మాటకి కుదిస్తే అజర్యా.

అరుదైన పేరేమో అని మీ ఇంట్లో అందరి బెంగ. పేరు అరుదే గానీ దాని చుట్టాలు మన వీధుల్లోనే తిరుగుతున్నారు. లాజరు ఎవరనుకున్నారు? హీబ్రూలో ఎలియాజరు, 'దేవుడు సహాయం చేశాడు'. 'యా' ఉన్నచోట 'ఎల్' వచ్చి ముందు కూర్చుంది, గ్రీకువాళ్ల నోట పడి లాజరు అయింది. ఎజ్రా అంటే సహాయం. ఇక ఎబెనెజరు! అది అసలు మనిషి పేరే కాదు. సమూయేలు ప్రవక్త మిస్పా, షేను అనే చోట్ల మధ్య నిలబెట్టిన రాయి పేరు, 'సహాయపు రాయి'. రాయి పేరు మనుషులకి పెట్టుకున్నాం, ఎబినేజర్ అని బళ్లో రాయించాం, ఎవరూ ఏమీ అనలేదు. లాజరుకి లేని అభ్యంతరం అజరయ్యకి ఎందుకొచ్చిందో మీ అత్తగారినే అడగాలి. వాళ్ల పేటలో కనీసం ఒక లాజరన్నా ఉండే ఉంటాడు.

పాత రోజుల్లో ఆ దేశంలో ఇది అరుదైన పేరూ కాదు. బైబిల్లో ఇరవైమందికి పైగా అజర్యాలున్నారు. యెహోషాపాతు రాజు కొడుకుల జాబితా చూస్తే ఒకే ఇంట్లో ఇద్దరు అజర్యాలు కనిపిస్తారు. హీబ్రూలో ఒకడు అజర్యా, ఇంకొకడు అజర్యాహు. మన ఇళ్లలో పెద్దబ్బాయి, చిన్నబ్బాయి అన్నంత తేడా. మీకు ఇంకా దగ్గరగా ఉండేది మొదటి దినవృత్తాంతములు ఆరో అధ్యాయం. యాజకుల (మందిర పూజారుల) వంశావళి అది. అహిమయస్సుకి అజర్యా, అజర్యాకి యోహానాను, ఆ యోహానానుకి మళ్లీ అజర్యా. మనవడికి తాత పేరు! యెరూషలేములో సొలొమోను కట్టిన మందిరంలో యాజకత్వం చేసింది ఆ మనవడేనని కూడా అక్కడ రాసి ఉంది. తాత పేరు నిలబెట్టడం మన ఆచారమే అనుకుంటాం గానీ, మూడువేల ఏళ్ల కిందట వాళ్లూ అదే చేశారు.

పుస్తకంలో పేర్లు ఎవరైనా రాయొచ్చు, మట్టిలో కూడా దొరికిందా అంటారా? దొరికింది. యెరూషలేములో దావీదు పట్టణం అనే చోట 1978 నుంచి తవ్వకాలు జరిగాయి. కాలిపోయిన ఇంట్లో యాభై ఒక్క మట్టి ముద్రలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి బొటనవేలి గోరంత. చుట్టిన పత్రానికి దారం కట్టి, ముడి మీద తడిమట్టి అద్ది, ఉంగరంతో నొక్కేవారు. మట్టి వెనకవైపు ఆ దారం అచ్చు, పత్రం పీచుల అచ్చు ఇప్పటికీ ఉన్నాయి. బబులోను సైన్యం క్రీ.పూ. 586లో పట్టణాన్ని తగలబెట్టినప్పుడు పత్రాలన్నీ బూడిదయ్యాయి, పచ్చి మట్టి మాత్రం కుండ కాలినట్టు కాలి గట్టిపడి మిగిలింది. అందులో ఒక ముద్ర మీద 'హిల్కియాహు కుమారుడు అజర్యాహుది' అని ఉంది. బైబిల్లోని యాజకుల జాబితాలోనూ హిల్కీయా కొడుకు అజర్యా ఉన్నాడు. నాకు ఆ ముద్ర బొమ్మ చూసినప్పుడల్లా మన రిజిస్ట్రార్ ఆఫీసులో లక్క సీల్లు గుర్తొస్తాయి.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. యూదా రాజు అజర్యా పదహారో ఏట గద్దెనెక్కి యాభై రెండేళ్లు ఏలాడు, చివర్లో కుష్ఠుతో విడిగా ఒక ఇంట్లో బతికాడు. అయితే దినవృత్తాంతములలో ఈ రాజుని ఉజ్జియా అంటారు. హీబ్రూలో రెండు పేర్లకీ తేడా ఒక్క 'ర' అక్షరమే. ఆ 'ర' తీసేస్తే 'సహాయం' పోయి 'బలం' మిగులుతుంది. బలం ఎక్కువైనప్పుడే ఆయన గర్వించి, యాజకులు తప్ప ఎవరూ చెయ్యకూడని ధూపం తానే వేస్తానని మందిరంలోకి వెళ్లాడు. ఎనభైమంది యాజకుల్ని వెంటబెట్టుకుని వెనకాలే వెళ్లి, "ఇది నీ పని కాదు, బయటికి నడువు" అని రాజు మొహం మీదే చెప్పిన ప్రధాన యాజకుడి పేరేమిటో అత్తగారితో చదివించండి. రెండో దినవృత్తాంతములు 26వ అధ్యాయం, 17వ వచనం. అజర్యా! కుష్ఠు పట్టినవాడి పేరూ అదే, వద్దని ఆపినవాడి పేరూ అదే. ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చు.

ఆ రాజు మీద నాకు కోపం కూడా లేదు. వ్యవసాయమంటే ప్రాణం, ఎడారిలో బావులు తవ్వించాడు, కొండల మీద తోటలు వేయించాడు అని అదే అధ్యాయంలో ఉంది. ఆయన పోయిన ఏడు శతాబ్దాలకి ఎవరో ఎముకలు వేరే చోటికి మార్చి, "యూదా రాజు ఉజ్జియా ఎముకలు ఇక్కడికి తెచ్చారు, తెరవకూడదు" అని అరామిక్‌లో రాతి పలక చెక్కించారు. 1931లో ఒలీవల కొండ మీద ఒక రష్యన్ చర్చి భద్రపరిచిన పాత వస్తువుల్లో అది కనిపించింది. రోగిష్టి రాజనుకుని జనం మరిచిపోలేదన్నమాట.

అసలు తమాషా ఏమిటంటే, మీ అత్తగారు పట్టుకుని చదివే బైబిల్లో అజర్యాకి మీ బైబిల్లో కంటే ఎక్కువ చోటుంది. దానియేలు మూడో అధ్యాయం మన బైబిల్లో ముప్పై వచనాలు. కతోలికుల బైబిల్లో అది వంద దాకా వెళుతుంది. మధ్యలో ఉన్నది అజర్యా ప్రార్థన. బబులోను రాజు అగ్నిగుండంలో వేయించిన ముగ్గురు యూదు కుర్రాళ్లలో ఒకడు ఈ అజర్యా. గుండంలో పడేశాక నోరు తెరిచి ముందు 'నన్ను కాపాడు' అనడు. మా జనం తప్పు చేశాం అంటాడు. మాకిప్పుడు రాజు లేడు, ప్రవక్త లేడు, బలి అర్పించే చోటు లేదు, నలిగిన మనసే బలిగా తీసుకో అంటాడు. దేవదూత దిగి కొలిమి నడుమ మంచు తేమతో ఈల వేసే చల్లగాలి వీచినట్టు చేశాడని ఆ తర్వాత ఉంటుంది. అదే బైబిల్లో తోబీతు గ్రంథం కూడా ఉంది. కుర్రవాడు తోబియాకి ప్రయాణంలో తోడొచ్చిన మనిషి తన పేరు అజర్యా అని చెప్పుకుంటాడు. ఎవరనుకున్నారు, రఫాయేలు దూత! దూత మనిషి వేషంలో వచ్చి తనకి తాను పెట్టుకున్న పేరు పసివాడికి పనికిరాదా? ఈ ముక్క మీరు చెప్పకండి, కోడలు చెబితే వాదన అవుతుంది. వాళ్ల విచారణ (పారిష్) ఫాదర్‌గారితో మాటవరసకి అనిపించండి చాలు.

మీ ఆయన 'అందరూ పెట్టుకునే పేరు' అన్నారు. ఆ అగ్నిగుండం కథలో జరిగిందే అది. సండే స్కూలు పిల్లల్ని అడగండి, షద్రకు, మేషాకు, అబేద్నెగో అని గడగడా చెబుతారు. అవి వాళ్ల అమ్మానాన్న పెట్టిన పేర్లు కావు. బందీలుగా బబులోను తీసుకెళ్లాక అక్కడి అధికారి తన కొలువుకి తగ్గట్టు పెట్టినవి. హనన్యాని షద్రకు చేశాడు, మిషాయేలుని మేషాకు చేశాడు. అజర్యాకి 'నెగో దాసుడు' అని తగిలించాడు. నెగో అన్నది బబులోను దేవత నెబో పేరు మారిన రూపమంటారు పండితులు. 'యెహోవా సహాయం చేశాడు' అన్న కుర్రవాడిని ఊరి విగ్రహానికి దాసుడని పిలవడం! ఇరవై ఆరు శతాబ్దాలైనా మనమింకా అధికారి పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాం. అగ్నిలో ప్రార్థించింది మాత్రం అసలు పేరుతోనే.

ముసలి పేరు అన్నదానికి ఒక యూదుల ముచ్చట చెబుతాను. ఎలియాజరు బెన్ అజర్యా, అంటే అజర్యా కొడుకు ఎలియాజరు, అని ఒక రబ్బీ (యూదుల మతగురువు) ఉండేవాడు. పద్దెనిమిదేళ్లకే పెద్దల సభకి అధ్యక్షుడిని చేస్తామన్నారు. 'తెల్లగడ్డం లేనివాడి మాట ఎవరు వింటారు' అని భార్య అంది. తెల్లారేసరికి పద్దెనిమిది వరసల వెంట్రుకలు నెరిశాయని యూదుల తల్మూదు గ్రంథంలో కథ. అందుకే పస్కా పండుగ రాత్రి యూదులు చదివే పాఠంలో ఆయన "నాకు డెబ్బై ఏళ్లు" అనడు, "డెబ్బై ఏళ్లవాడిలా ఉన్నాను" అంటాడు. ఉయ్యాల్లో ఉన్న అజరయ్యని కూడా మొదట్లో అలాగే చూస్తారు. ఆర్నెల్లు పోతే పేరుకి వాడి మొహమే వచ్చేస్తుంది.

బావగారి సంగతి. ఆయన చూసిందీ నిజమే. అమెరికాలో ఇప్పుడు ఈ పేరు మగపిల్లలకీ పెడుతున్నారు, ఆడపిల్లలకీ పెడుతున్నారు. అక్కడివాళ్లు 'అజరాయా' అని సాగదీస్తారు. చివర 'ఆ' వినబడితే మరియా, సోఫియాల వరసలో ఆడపేరనిపిస్తుంది. కానీ అదే చెవికి నోవా, ఎలైజా, జాషువా మగపేర్లుగానే వినిపిస్తున్నాయి కదా? 2013 నుంచి 2016 దాకా అక్కడ మగపిల్లల పేర్లలో మొదటి స్థానం నోవాదే. హీబ్రూలోనూ స్త్రీల పేర్లు చాలావరకు 'ఆ'తో ముగుస్తాయి, అయితే అజర్యాలో ఉన్నది ఆ 'ఆ' కాదు, దేవుడి పేరు. ఆ దేశంలో ఇది కొత్త పేరు కూడా కాదు. పాత నిబంధన పేర్లంటే పడిచచ్చే ప్యూరిటన్లు ఇంగ్లండు నుంచి తమతో పట్టుకెళ్లారు. పందొమ్మిదో శతాబ్దంలో న్యూయార్క్ రాష్ట్రం లెక్కలు చూసిన కంప్ట్రోలర్ ఒకాయన అజరాయా ఫ్లాగ్, నిక్షేపంలాంటి మగమనిషి. తర్వాత పేరు మూలన పడింది, ఈ మధ్య మళ్లీ దుమ్ము దులిపారు. ఖమ్మంలో పెరిగే పిల్లవాడికి అమెరికా క్లాసురూం కొలబద్ద ఎందుకు చెప్పండి?

అన్నట్టు మన కొలబద్ద మీ అమ్మవాళ్ల ఊరి పక్కనే, డోర్నకల్లో ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో తెల్ల మిషనరీల ఎదుట నిలబడి, మీరు మా కోసం ఎన్నో త్యాగాలు చేశారు, మాకు ప్రేమ కూడా కావాలి, "మాకు స్నేహితుల్ని ఇవ్వండి" అన్నారు. అప్పట్లో ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. బాప్తిస్మం పొందినవాళ్లతో తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, 'నేను బాప్తిస్మం పొందాను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ' అని చెప్పించేవారు. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే గుడి, లోపలికెళ్తే మన ఆరాధన. మీరు చిన్నప్పుడు ఆ స్తంభాల చుట్టూ పరిగెత్తే ఉంటారు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్లోనే కన్నుమూశారు. విజయవాడలో ఆయన పేరున ఆడపిల్లల హైస్కూలు ఉంది.

మీ తాతగారు ఎనభై తొమ్మిదేళ్లు బతికారంటే 1930లలో పుట్టినవారు. అప్పుడు ఆ చుట్టుపక్కల పల్లెల్లో అజరయ్య అనే పేరు బైబిల్లోంచి వెతుక్కుని పెట్టి ఉండరు. ఎడ్లబండి దిగి వాకిట్లో నిలబడ్డ మనిషిని చూసి పెట్టి ఉంటారని నా నమ్మకం.

ఇక కాగితాల పని. ఇక్కడ కాస్త జాగ్రత్త. మా చిన్నాన్న పేరు లాజరు. పదో తరగతి సర్టిఫికెట్లో లాజర్, పట్టాదారు పాసుపుస్తకంలో లాజరయ్య, బ్యాంకులో లాజరస్. ముగ్గురూ ఒక్కరేనని నిరూపించడానికి ఒక ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగాడు. 'వీళ్లలో నువ్వెవరయ్యా' అని గుమస్తా అడిగాడట. కాబట్టి ఇంగ్లీషులో ఒకే ఒక్క స్పెల్లింగు పట్టుకోండి: ఎ, జెడ్, ఎ, ఆర్, ఐ, ఎ, హెచ్. బిషప్‌గారిదీ అదే, ప్రపంచమంతా వాడేదీ అదే. అదనపు 'ఎ' వద్దు. పేరులో అంకెలే కావాలంటే హీబ్రూ అక్షరాలకి ఎప్పట్నుంచో విలువలున్నాయి. డెబ్బై, ఏడు, రెండొందలు, పది, ఐదు, మొత్తం 292. ఆ లెక్కలో కొత్త 'ఎ'కి చోటు లేదని మీకు తెలిసినాయనతో చెప్పండి.

జననం 21 రోజుల్లో నమోదు చేయించే ఉంటారు. పేరు లేకుండా నమోదైనా కంగారు లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుముతో. కానీ అంతదాకా ఆగకండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం దగ్గర్నుంచి ఆ ధ్రువపత్రమే ఆధారం. తెలుగులో అజర్యా రాయించాలా, అజరయ్య రాయించాలా అంటే నా ఓటు అజరయ్యకి. తాతగారి పేరు అదే కదా. ఇంట్లో అజ్జు అంటారు, ఆపలేరు, ఆపక్కర్లేదు.

పలకడానికి కష్టమనే మాట కూడా ఎవరైనా అంటారు. హీబ్రూలో అది మెత్తని 'జ'. మనకి జొన్న, జడ, జల్లెడ అనేటప్పుడు నాలుక పళ్లకి తగిలి వచ్చే 'జ' ఉంది చూడండి, పాత పుస్తకాల్లో దానికి ౙ అని విడిగా అక్షరమే ఉండేది. దాదాపు అదే ధ్వని. జొన్నరొట్టె అనగలిగిన ఎవరైనా అజరయ్య అనగలరు.

ఒక పని చేసి పెడతారా? బాప్తిస్మానికి ముందు మీ అమ్మగారితో కలిసి డోర్నకల్ వెళ్లి, చర్చి అయ్యగారిని అడిగి పాత బాప్తిస్మం రిజిస్టరు తీయించండి. తాతగారి పేరున్న పేజీలో బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం ఎవరిదో చూడండి. వి.ఎస్. అని మొదలైతే ఆ పేజీ ఫొటో తీసి ముందు అత్తగారికి, తర్వాత నాకు పంపండి.